గడువు మంగళవారం

సోమవారం పొద్దున మా ఆయన కాళ్ళకు మేజోళ్ళు తొడగడం నా పని. ఆదివారం అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఆడి వచ్చాక రెండు రోజులు కోర్డెల్ నడుం వంగదు. మంచం అంచున కూర్చుని పాదం చాపుతాడు. నేను నేల మీద కూర్చుని, వాచిన చీలమండకు బట్ట ఒరుసుకోకుండా మెల్లగా పైకి లాగుతాను. ఈ కాళ్ళను చూసి డెబ్భై వేల మంది లేచి నిలబడి అరుస్తారు. అవే కాళ్ళను స్నానపుతొట్టిలోంచి ఒకటొకటిగా ఎత్తి బయట పెట్టేది నేను. దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు, కొట్టాలనీ నేను అనుకోను. కానీ "జనెల్‌కేం, రాణీవాసం" అని ఎవరన్నా అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఆ సోమవారం అతను ఫోన్లో రేడియో పెట్టుకుని వింటున్నాడు. వద్దంటే వినడు, మానుతున్న పుండును గోక్కునే రకం. వారం రోజులుగా మా ఊళ్ళో ఒకటే చర్చ. కోర్డెల్‌ను ఇచ్చేసి, ఎడారి ఊరి జట్టు నుంచి సియోనె అనే అతన్ని తెచ్చుకోవాలా వద్దా? కోర్డెల్ బంతి చంకలో ఇరికించుకుని ఎదుటివాళ్ళ గుంపును చీల్చుకుంటూ పరిగెత్తేవాడు. సియోనె అందుకు తిరగేసిన మనిషి. ఎదుటి జట్టులో బంతి విసిరేవాడి మీదికి ఉరికి, వాడు చెయ్యి ఎత్తేలోపే కింద పడేసేవాడు. అలా పడేసేవాడు లేకనే మా జట్టు వరసగా ఓడుతోంది. ఆటగాళ్ళను మార్చుకోవడానికి మంగళవారం సాయంత్రం నాలుగింటి వరకే గడువు.

"వాడికి ఇరవై తొమ్మిదొస్తున్నాయి బాబూ. పరిగెత్తేవాడి మోకాళ్ళు ముప్ఫై దాటితే పాతసామాన్ల కొట్టుకే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి, ఇచ్చెయ్యండి" అన్నాడు రేడియోలో ఒకడు.

"మేలిమి బంగారాన్నిచ్చి ఇనుము కొంటారా?" అన్నాడు ఇంకొకడు.

ఎద్దు పుండు కాకికి నొప్పా? రెండో కాలికి మేజోడు ఎక్కిస్తూ కోర్డెల్ మొహం కేసి చూశాను. పశువుల సంతలో తన పళ్ళు లెక్కపెడుతుంటే ఎద్దు ఇలాగే చూస్తుందేమో. జాలేసింది. ఆ జాలితోనే కదా ఇన్నేళ్ళు గడిపాను.

"వెళ్ళాల్సి వస్తే ఏం చేద్దాం?" అన్నాను.

"వెళ్దాం" అన్నాడు. ఆ మాటలో నేనూ ఉన్నానని అతనికి ఎంత నమ్మకమో! అడిగిన మాట కాదు అది, అడగాలని తోచిన మాట కూడా కాదు.

మేమిద్దరం కాలేజీలో కలిసినప్పుడు నేను ఫిజియోథెరపీ చదువుతున్నాను. దెబ్బ తిన్న మనిషిని మళ్ళీ నిలబెట్టే విద్య. మొదటి జట్టు అతన్ని తీసుకున్నప్పుడు చదువు సగంలో ఆపి వెంట వెళ్ళాను. "ఈ ఒక్కసారికి సర్దుకో, స్థిరపడ్డాక నీ చదువే ముందు" అన్నాడు. అక్కడ కాలేజీలో చేరితే పాత చదువులో సగం చెల్లదన్నారు. సరేనని మొదటికొచ్చి చదివాను. మా పాప నైలా కడుపులో ఉండగా ఆ జట్టు అతన్ని ఇంకో ఊరికి ఇచ్చేసింది. అతను ఆ సాయంత్రమే విమానం ఎక్కాడు. ఈ ఆటలో పద్ధతి అదే. మగవాడు పెట్టె పట్టుకుని వెళ్ళిపోతాడు, ఇల్లు పీకి మళ్ళీ పాతేది ఆడది. వంటసామాను కాగితాల్లో చుడుతూ, వాంతులు చేసుకుంటూ, మళ్ళీ చుడుతూ నేనొక్కదాన్నే ఆ ఇల్లు ఖాళీ చేశాను. "మా ఇంట్లో ఏడుగురం పుట్టినా మా అమ్మ ఒక్కరోజు మంచం ఎక్కలేదు" అని ఫోన్లో ధైర్యం చెప్పింది మా అత్తగారు ఎర్లీన్.

ఈ సరస్సు ఒడ్డు ఊరు మాకు మూడోది. ఇక్కడికొచ్చాక పంతం పట్టి మళ్ళీ చేరాను. ఏప్రిల్లో పూర్తవుతుంది. ఇప్పుడు ఒక పునరావాస ఆస్పత్రిలో రోగుల దగ్గర పని నేర్చుకుంటున్నాను. జీతం లేదు, అది చదువులో భాగం. ఇప్పుడు మా దగ్గరే ఉంటున్న అత్తగారికి ఇదే నవ్వులాట. "డబ్బులివ్వని చోట ముసలాళ్ళ కాళ్ళు పిసుకుతావు. అదేదో ఇంట్లో పిసికితే నా కొడుకు కాళ్ళు బాగుపడతాయి కదే పిల్లా!" అంటుంది. ఆమె ఎందుకలా అంటుందో నాకు తెలుసు. మిసిసిపీలో తెల్లవాళ్ళ ఇళ్ళల్లో గచ్చులు తుడిచి కొడుకును పెంచిన మనిషి. ఆమెకు బతుకంటే కోర్డెల్ కాళ్ళే. ఆ కాళ్ళు నడిచినంత కాలం మేమందరం తిన్నాం, అది అబద్ధం కాదు. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ నేను చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నట్టు స్నానాలగదిలోకి వెళ్ళి కాసేపు కుళాయి విప్పి నిలబడతాను.

మంగళవారం ఆస్పత్రిలో నా రోగి నోవిట్‌స్కీ. ఇనుము కర్మాగారంలో పనిచేసి దిగిపోయిన ముసలాయన. చక్కెర జబ్బుకు ఒక కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. కొత్త కాలు మీద నిలబెట్టడం నా బాధ్యత. నేను ఎవరి భార్యనో ఆయనకు తెలుసు. దాచుకునే రకం కాదు.

"నేనే ఫోన్ చేశానమ్మాయ్ రేడియోకి, మీ ఆయన్ని ఇచ్చెయ్యమని. కోపం తెచ్చుకోకు. మంచివాడే, కానీ మనకు పడేసేవాడు కావాలి" అన్నాడు నడక నేర్పే కమ్మీలు రెండు పక్కలా పట్టుకుని.

"మీరు పడకుండా చూసుకోండి ముందు. ఎడమ కాలు మీద బరువెయ్యండి" అన్నాను.

"ఎడమది నాది కాదుగా, వీళ్ళిచ్చింది."

"ఇచ్చాక మీదే. వెయ్యండి."

వేశాడు. వణికాడు. నా చెయ్యి ఆయన నడుం దగ్గర ఉంది, తగలకుండా. తగిలితే నా మీద వాలిపోతాడు, ఎప్పటికీ నిలబడడు. ఆ రోజు మొదటిసారి రెండు చేతులూ కమ్మీల మీంచి తీసి నిలబడ్డాడు. నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో ఏళ్ళ తరబడి ఒక మనిషిని మోశాను, వారం తిరిగేసరికి మళ్ళీ విరగ్గొట్టుకుని వచ్చేవాడు. ఇక్కడ నేను చెయ్యి తీసేసినా ఆ మనిషి నిలబడే ఉన్నాడు. ఈ పని నాకు కావాలి. ఇంత గట్టిగా నేను దేన్నీ కోరుకోలేదు, పెళ్ళిని కూడా.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు తెచ్చేసరికి పక్కన పెట్టుకున్న రేడియో చెవికి ఆనించుకుని ఉన్నాడు. గడియారం ఇంకా నాలుగు కొట్టలేదు. ఆయన మొహంలో కోరింది దొరికిన సంతోషం రాలేదు. రేడియో కట్టేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయిపోయిందమ్మాయ్. నిన్ను ఇచ్చేశారు" అన్నాడు.

'మీ ఆయన్ని' అనలేదు. ముసలాయన తెలియక అన్నాడో తెలిసే అన్నాడో గానీ, అంతకంటే సరైన వార్త ఏ రేడియోలోనూ రాలేదు. నా ఫోన్ తీసి చూస్తే కోర్డెల్ దగ్గర్నుంచి ఏమీ లేదు. జట్టు ఆటగాళ్ళ భార్యలందరం ఫోన్లో మాట్లాడుకునే గ్రూపులోంచి మాత్రం నా పేరు అప్పుడే తీసేశారు. నిన్నటిదాకా ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా చారు కాచి పట్టుకెళ్ళింది నేను. వాళ్ళ తప్పూ కాదు. అదీ పద్ధతే. రేపు ఆ జాగాలో సియోనె భార్య పేరు చేరుస్తారు.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు కొడుకు చొక్కాలు మడతపెడుతూ ఏడుస్తోంది. కోర్డెల్ వంటింట్లో నిలబడి ఉన్నాడు. తనకూ టీవీలోనే తెలిసిందట, జట్టువాళ్ళు ఆ తర్వాత ఫోన్ చేశారట. అంత పెద్ద మనిషీ గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తున్నాడు. వెళ్ళి కావలించుకున్నాను. నిజంగానే కావలించుకున్నాను. అతన్నీ బేరం పెట్టారు కదా.

"ఎనిమిదింటికి విమానం. రేపు పొద్దున్నే అక్కడ డాక్టర్లు చూడాలి. మోకాలి పట్టీలు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు నా భుజం మీంచే.

తెచ్చి పెట్టాను. నొప్పి మందులు, నడుం కట్టు, మెడ కింద దిండు, అన్నీ నాకే తెలుసు ఎక్కడుంటాయో.

"నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేసెయ్. సియోనె వాళ్ళావిడ ఫోన్ చేస్తుంది, వాళ్ళకు ఇల్లు కావాలట. చూపించు. నైలా బడి సంగతి కూడా చూడు."

"నా చదువు ఏప్రిల్లో అయిపోతుంది కోర్డెల్."

"అక్కడ కాలేజీలు లేవా?"

"ఉన్నాయి. పోయినసారీ ఉన్నాయి. ప్రతిసారీ మొదటికే కదా."

అతను దిండు పెట్టెలో కుక్కుతూ ఆగాడు. "నన్ను సంతలో అమ్మేశారు జనెల్. ఊరంతా చూస్తుండగా. ఇవాళ కూడా నీ గొడవేనా?"

"మొగుడి కడుపు మండుతుంటే దీనికి పరీక్షల గోల" అంది అత్తగారు చొక్కా కేసి చూస్తూనే.

నేను నొప్పి మందులు పెట్టెలో సర్దాను. మాట్లాడితే రెండు దుఃఖాల మధ్య పోటీ పెట్టినట్టవుతుంది. ఆ పోటీలో అతనిదే పెద్దదని ఈ ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. అతను ఆడి గాయపడితే అది గాయం. అతను గెలిస్తే అది మా అందరి గెలుపు. మరి నా ఏడేళ్ళు ఏమయ్యాయి? వాటిని ఏ జట్టు ఎవరికిచ్చి ఏం తెచ్చుకుంది? వాకిట్లో కారు వచ్చింది. కోర్డెల్ నైలాను ముద్దు పెట్టుకుని, నా నుదుటి మీద చెయ్యేసి, "నువ్వున్నావనే నాకు ధైర్యం" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమ కోసమే ప్రతిసారీ నన్ను నేనే కాగితాల్లో చుట్టుకుని పెట్టెల్లోకెక్కాను.

కారు వెళ్ళాక నైలాకు అన్నం తినిపిస్తుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అక్కా, నేను మలియా, సియోనె భార్యని" అంది ఒక సన్నటి గొంతు. వెనక పసిబిడ్డ ఏడుపు. "ఇప్పుడు ఫోన్ చెయ్యొచ్చో లేదో తెలీదు. మా ఆయన బయల్దేరి వెళ్ళిపోయాడు. మీ ఊళ్ళో పిల్లల డాక్టరు ఎవరు మంచివారు?"

చెప్పాను. ఏ కొట్లో పాలు బాగుంటాయో, మంచు పడ్డప్పుడు ఏ దారి మూసేస్తారో కూడా చెప్పాను. బిడ్డకు ఎన్నాళ్ళని అడిగాను.

"రెండు వారాలక్కా. నాకింకా కుట్లు మానలేదు. పెట్టెలు ఎత్తొద్దన్నారు డాక్టరు. మా అత్తయ్యేమో మెల్లగా ఎత్తితే ఏం కాదులే అంటోంది." నవ్వబోయింది, కుదరలేదు. "మీ ఇల్లు బాగుంటుందని మా ఆయనకు చెప్పారట. మీరెప్పుడు ఖాళీ చేస్తారక్కా?"

ఎదురుగా అత్తగారు కూర్చుని ఉంది. పెట్టె తాళంచెవితో బల్ల మీద టకటక కొడుతూ వింటోంది. నైలా నోరు తెరిచి ముద్ద కోసం చూస్తోంది. ముద్ద పెట్టి, పిల్ల మూతి తుడిచి, ఫోన్ చెవికి సరిగ్గా ఆనించుకున్నాను.

"ఖాళీ చెయ్యడం లేదమ్మా. ఏప్రిల్ దాకా నేనిక్కడే ఉంటాను. నీకు ఇంకో ఇల్లు నేను వెతికి పెడతాను."

అత్తగారి చేతిలో తాళంచెవి చప్పుడు ఆగిపోయింది.

"మీ ఆయన ఒప్పుకున్నారా?" అంది మలియా.

"ఆయనకింకా తెలీదు. విమానం దిగాక చెప్తాను."

ఆ అమ్మాయి ఎవరికో వినపడకుండా దూరంగా నడిచినట్టుంది, తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగింది.

"అలా ఉండిపోవచ్చా అక్కా?"