నొక్కానా, లేదా

నొక్కానా, లేదా, నొక్కినట్టే గుర్తు, ఆ నున్నటి అద్దం చల్లదనం ఇంకా వేలి కొసన ఉంది, నొక్కగానే మిషన్ పాడే పాట కూడా విన్నాను, కానీ అది ఇవాళ్టి పాటో నిన్నటి పాటో ఎవరు చెప్పాలి, నిన్నా ఇలాగే నొక్కాననుకుని స్నానానికి వెళ్ళి, మొక్కలకు నీళ్ళు పోసి వచ్చి తలుపు తీస్తే బట్టలు పొడిపొడిగా ఉన్నాయి, మొన్నా అంతే, అటు మొన్నా అంతే, మా అమ్మకూ ఇలాగే మొదలైంది, ముందు పొయ్యి కట్టేశానా లేదా అని వంటింట్లోకి రెండేసిసార్లు తిరగడం, తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు, ఆ తర్వాత ఒకరోజు తన తల దువ్వుతున్న నన్ను అద్దంలో చూసి, ఎవరమ్మా నువ్వు, చెయ్యి మెత్తగా ఉంది, మీ అమ్మ బాగా పెంచింది అంది.

పాత మిషనే నయం, దానికి ఒకటే మీట, కర్రుమని తిప్పితే గుడగుడా తిరిగేది, ఇంటికొచ్చిన చుట్టం కూడా అడక్కుండా తిప్పేసేది, ఇదేమో నల్లటి అద్దం, వేలు పెడితే వెలిగే బొమ్మలు, ఒకచోట పువ్వు, ఒకచోట చంద్రవంక, ఒకచోట పసిపిల్ల చొక్కా, ఇంకొకటి ఏమిటో ఇప్పటికీ తెలీదు, తేలులా ఉంది, కొత్త ఒక వింత పాత ఒక రోత అంటారు గానీ నాకు కొత్తదే రోత, వచ్చిన రోజే అనేశాను, ఈ విమానం నేను నడపలేనమ్మా, దీని జోలికి రాను అని, కోడలు నవ్వి, మీకెందుకు అత్తయ్యా శ్రమ, పొద్దున బట్టలు వేసి వెళ్తాను, సాయంత్రం వచ్చాక నేనే ఆన్ చేస్తాను అంది, మెత్తగానే అంది, నాకే గుచ్చుకుంది, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పేరు చెబితే చాలు నంబరు చూడకుండా కలిపినదాన్ని, మిల్లు నంబరు, డాక్టరుగారి ఇంటి నంబరు, ఊళ్ళో సగం నంబర్లు నా నాలుక మీదే ఉండేవి, అలాంటిదాన్ని బట్టల మిషన్ చేతిలో ఓడిపోవడమా, అందుకే వాళ్ళు ఆఫీసులకు వెళ్ళాక దొంగచాటుగా నేర్చుకున్నాను, పువ్వు మీద ఒకసారి, కింద త్రికోణం మీద ఒకసారి, కోడలు వచ్చేసరికి ఉతికి ఆరేసి ఆశ్చర్యపరుద్దామనుకుంటే ఆశ్చర్యం నాకే మిగిలింది, మళ్ళీ నొక్కే ధైర్యం చాలక తలుపు మూసేసి, మంచం మీద కూర్చుని పాత నంబర్లన్నీ నాకు నేనే ఒప్పజెప్పుకోవడం, అన్నీ వస్తున్నాయి, మా అమ్మకూ పాతవన్నీ వచ్చేవి.

ఇవాళ కోడలికి సెలవు, సోఫాలో కాళ్ళు ముడుచుకుని టీ తాగుతోంది, నేను ఏమీ ఎరగనట్టు వెనక బాల్కనీ తలుపు చేరవేసి హాల్లోకి వచ్చాను, నొక్కానా లేదా అనుకుంటూనే వచ్చాను, అంతలో ఆమె ఫోన్ కిచకిచమంది, అబ్బ, మళ్ళీ మొదలెట్టింది అంది, ఏమిటమ్మా అన్నాను, ఈ మిషనే అత్తయ్యా, వారం నుంచీ దానంతట అదే ఆన్ అయిపోతోంది, ఆఫీసులో ఉండగా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, అది ముందు బట్టల బరువు చూసుకుంటుంది కదా, నీళ్ళు పట్టేలోపే ఈ ఫోన్‌లోంచే ఆపేస్తున్నాను, మెకానిక్‌ని కూడా రమ్మన్నాను అంటూ బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది, బాల్కనీలో ఏదో ఆగింది, అంతసేపూ తిరుగుతోందని ఆగాక తెలిసింది, ఆమె పక్కనే సోఫాలో కూలబడ్డాను, పోయిన ప్రాణం లేచొచ్చినప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలు, నేనేనమ్మా, నేనే నొక్కుతున్నాను అన్నాను, మీరా, దాని జోలికి రానన్నారుగా అంది, అన్నాను, అంటే మాత్రం ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి అడగొద్దూ, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు మెకానిక్‌ని పిలవడమేనా, అంటూనే నవ్వు, నవ్వులోంచే ఏడుపు, మా అమ్మలాగే నాకూ మతి పోతోందనుకున్నానే తల్లీ, వారం రోజులుగా చచ్చిపోయాననుకో అన్నాను, ఆమె కప్పు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది, ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా అంది, నువ్వు చెప్పావా అన్నాను.

లేచి బాల్కనీలోకి వెళ్ళాను, పువ్వు, త్రికోణం, పాట, హాల్లో ఫోన్ కిచకిచమంది, కోడలు దాన్ని దిండు కింద తోసి, నాకేం వినపళ్ళేదు అని అరిచింది, బట్టలు అటొకసారి ఇటొకసారి దొర్లి తమ బరువు తామే చెప్పుకున్నాయి, నీళ్ళు వచ్చాయి, ముందు కోడలి నీలం చున్నీ తడిసింది, అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను, ఆ రోగం రేపు రాదని రాసిచ్చేవాళ్ళెవరూ లేరు, వస్తే వస్తుంది, అప్పుడు ఈ పిల్ల నా తల దువ్వుతుంది, కానీ ఇవాళ నొక్కాను, నిన్నా నొక్కాను, మొన్నా నేనే నొక్కాను.