లువా పెట్టె నీళ్ళమీద తేలిన ఏడు

ఇలా దగ్గరకి జరగండర్రా. ఆ దోమతెర పక్కకి లాగి చాపమీద చోటు చేసుకోండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, నాకేం కోపం లేదు. మా కాలవ గట్టున లువా అని ఒకావిడ ఉండేది. లువా అంటే మా భాషలో పట్టు. పేరుకి పట్టేగాని ఆవిడ ఒంటిమీద పట్టుగుడ్డ ఎన్నడూ చూసినవాళ్ళు లేరు. చివరికి ఆ పట్టు ఒంటిమీద పడిన రోజున ఎలా పడిందో, అదే చెప్పబోతున్నాను.

లువాకి పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. బాతుల్ని పెంచి గుడ్లమ్ముకుని బతికింది. తను మాత్రం పగిలిన గుడ్డు తప్ప తినేది కాదు. "మంచి గుడ్డు తినడానికి నాకేం రోగమా?" అనేది. అగ్గిపుల్లని నిలువునా చీల్చి రెండు చేసేది. చేపల పులుసు పెట్టిందంటే, మొదటిరోజు ముక్కతో అన్నం, రెండోరోజు తలకాయతో అన్నం, మూడోరోజు ఆ రెంటినీ తల్చుకుంటూ వట్టి పులుసుతో అన్నం.

ఎందుకమ్మా ఇంత కట్టడి అంటే, పెట్టె కోసం. మా ముసలివాళ్ళు తమ ఆఖరి పెట్టె, అదే శవపెట్టె, తామే ముందుగా చేయించి ఇంట్లో పెట్టుకుంటారు కదా, ఆయుష్షు పెరుగుతుందని. ఎలకలు కొట్టకుండా వడ్లు పోసుకోవడానికీ పనికొస్తుంది. లువా వాళ్ళమ్మకి ఆ యోగం లేదు. పోయిననాడు అప్పటికప్పుడు బూరుగుచెక్క పెట్టె తెచ్చారు. గట్టు దిగుతుంటే దాని అడుగు ఊడింది. జనం నవ్వారు. పాపం, నవ్వకూడదనుకుంటూనే నవ్వారు. చిన్నపిల్ల లువా చెవుల్లో ఆ నవ్వు ఉండిపోయింది. నేను పోయిననాడు మాత్రం రెండు గట్లమీద జనం నిలబడి "ఆహా, ఏం పెట్టె!" అనాలి అనుకుంది. అంతే, ఇంకే కోరికా లేదు.

గుడ్డుగుడ్డుకీ కూడబెట్టి బంగారపు ఉంగరాలు కొంది. ఆ ఉంగరాలన్నీ ఇచ్చి చివరికి సావో కర్రతో పెట్టె చేయించుకుంది. పడవలు చేసే కర్ర అది. చేసినవాడూ పడవల వడ్రంగే. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది, సందుసందునా గుగ్గిలం కూరి మరీ ఇచ్చాడు. పోయిన పెద్దలకి దణ్ణం పెట్టుకునే పీఠం పక్కన దాన్ని పెట్టుకుని రోజూ పొద్దున్నే తుడిచేది. లోపల ఒక మూల చిన్న అర. అందులో ఊదారంగు పట్టు బట్టల జత, తనకి తొడగడానికి. మేనల్లుడు కొత్త సంవత్సరానికి తెచ్చిచ్చిన బిస్కెట్ల డబ్బా, పరామర్శకి వచ్చేవాళ్ళకి. ఒక సారా సీసా, మోసేవాళ్ళకి. వీటన్నిటికీ పురుగు పట్టకుండా గుప్పెడు కలరా ఉండలు.

ఇక ఆవిడ ఆడపడుచు థామ్ ఉంది చూశారూ, ఆవిడది పూర్తిగా ఇంకో దారి. రేవులో చెరుకురసం అమ్మేది. పొద్దున వచ్చిన డబ్బు పొద్దుగూకేదాకా ఆగేది కాదు. మంచుముక్కలేసిన కాఫీ, లాటరీ చీటీ, నాటకాల పడవ వస్తే ముందు వరసలో చాప. ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకోని రోజు లేదు, ఒకరి ఇంటికొకరు వెళ్ళని రోజూ లేదు.

"వదినా, ఆ బిస్కెట్ల డబ్బా ఎప్పుడు తెరుస్తావ్?"

"నేను పోయాక."

"నువ్వు పోయాక నాకు గొంతు దిగుతుందా? ఇప్పుడు పెట్టెయ్. నీకోసం ఏడవాల్సిన ఏడుపు బాకీ ఉంటాను."

"బియ్యం బాకీ, నూనె బాకీ, ఇప్పుడు ఏడుపూ బాకీయేనా నీది!"

"పోనీ ఆ గోడకైనా ఖర్చుపెట్టు. పెట్టెకేమో సావో కర్రా, ఇంటికేమో నీటితాటాకు గోడా? వేలుతో పొడిస్తే చిల్లు పడుతోంది."

"గోడలో నేను పడుకోను. పెట్టెలో పడుకుంటాను."

నీళ్ళ కాలం ఏటా వచ్చేదే కదా. పచ్చపూలు పూస్తాయి, చిన్నచేపలు గంపలకొద్దీ వస్తాయి, పులుసు పెట్టుకుంటాం, నీళ్ళు పోతాయి. కానీ ఆ ఏడు వచ్చిన నీళ్ళకి పోవాలన్న ఆలోచనే లేదు. అందరూ గట్టుమీది బడిలోకి చేరారు. లువా మాత్రం కదల్లేదు. పెట్టెలో వడ్లు తడిసిపోతాయని భయపడి, గంపెడు గంపెడు మోసి మొత్తం అటకమీద పోసింది. అదే ఆవిడ చేసిన పొరపాటు. వడ్లున్నంతసేపూ పెట్టె బరువుగా కూర్చుంది. వడ్లు తీశాక, నీళ్ళు గడప దాటగానే, పెళ్ళికి పిలుపు వచ్చినట్టు లేచి నిలబడింది.

తెలతెలవారుతుండగా థామ్ పొరుగింటివాళ్ళ చిన్న పడవ వేసుకుని వచ్చి చూస్తే, మూత ఓ మూల ఇరుక్కుని ఉంది, పెట్టె ఊగుతోంది, పెట్టె మధ్యలో వదినగారు అంచులు పట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఏం చేస్తున్నావ్ వదినా?"

"తేలిపోకుండా బరువు పెడుతున్నా."

"నీ ఒంట్లో బరువెక్కడిది? తింటేగా! దిగు, బడికి పోదాం."

"దిగితే పెట్టె పోతుంది."

"ఎక్కినా పోయేట్టే ఉంది."

"అయితే నువ్వూ ఎక్కు. ఇన్నేళ్ళు తిన్న తిండి ఇవాళైనా ఒకరికి పనికొస్తుంది."

థామ్ తిట్టుకుంటూనే పడవలోంచి కాలు తీసి పెట్టెలో వేసింది. వేసీ వెయ్యగానే పెట్టె నేలకి ఆనింది. లువా ముఖం వెలిగిపోయింది. "చూశావా!" అంది. సరిగ్గా అప్పుడు నీళ్ళు ఇంకో జానెడు ఎగదన్నాయి. తాటాకు గోడ నిట్టూర్చినట్టు చప్పుడు చేసి బయటికి వాలింది. దానివెంటే పెట్టె, పెట్టెలో వదినా ఆడపడుచూ, కాలవలోకి. థామ్ వచ్చిన పడవ అంతకుముందే తన దారిన తను వెళ్ళిపోయింది.

కాలవ తీసుకెళ్ళి పెద్దనదిలో కలిపింది. వాన మొదలైంది. తెడ్డు లేదు. థామ్ చేత్తో కాసేపు తోసి, అలిసిపోయి, అర తెరిచింది.

"ఏయ్, దాని జోలికి వెళ్ళకు. అది మోసేవాళ్ళకి!"

"మనల్ని ఇప్పుడు మోస్తున్నదెవరు? నది." సీసా మూత తీసి నదికి నాలుగు చుక్కలు పోసింది, తన గొంతులో ఇంకాసిని పోసుకుంది. "వదినా, తడిసి వణికిపోతున్నావ్. ఆ పట్టుజత తొడుక్కో."

"అది ఆ రోజుకే!"

"నువ్విప్పుడు కూర్చున్నది ఎందులో?"

లువా తను కూర్చున్న పెట్టెని చూసుకుంది. వణుకుతూ తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంటూ ఒకసారి చెయ్యి నిమురుకుంది, ఎవరూ చూడనట్టు. థామ్ చూసింది, చూడనట్టు ఊరుకుంది. వాన కూడా వెలిసింది.

తర్వాత డబ్బా తెరిచారు. మూడేళ్ళు కలరా ఉండల పక్కన పడుకున్న బిస్కెట్లవి. థామ్ ఒకటి కొరికి కళ్ళు మూసుకుంది. "వదినా, దీన్ని తింటే మనిషి పోతాడో లేదో గాని, పురుగు మాత్రం పట్టదు."

"బాగానే ఉంది," అంది లువా బింకంగా, ఇంకోటి తీసుకుంటూ.

మలుపు తిరిగేసరికి నీటి సంత. పడవపడవకీ గెడలు, గెడలకి వేలాడే కూరలూ పళ్ళూ. మొదట చూసింది అనాసపళ్ళవాడు. ఎదురుగా మూతలేని శవపెట్టె, అందులో ఊదాపట్టులో నిటారుగా కూర్చున్న ముసలమ్మ, నోట్లో ఏదో నములుతోంది. థామ్ అప్పటికి సారా మత్తులో అడుగున పడుకుని ఉంది, పైకి కనబడదు. వాడి కేకకి సంతంతా అటు తిరిగింది. నూడుల్స్ అమ్మే ఆవిడ గరిటె వదిలేసి బుద్ధుడి పేరు జపించడం మొదలెట్టింది. అనాసవాడు భయంతో ఒక పండు నైవేద్యంలాగ పెట్టెలోకి విసిరాడు.

లువా దాన్ని అందుకుంది. అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో నొక్కి చూసింది.

"పచ్చిగా ఉంది. ఎంతకిస్తావ్?"

"ఊరికే తీసుకో తల్లీ! నన్నొదిలి వెళ్ళిపో!"

"ఊరికేనా? అయితే పండింది చూసి ఇంకోటి వెయ్యి."

నూడుల్సావిడ జపం ఆపేసింది. "దెయ్యం కాదర్రా," అంది. "ఇది బేరమాడుతోంది. మనిషే!"

అంతే, పడవలన్నీ చుట్టూ మూగాయి. నవ్వులు, ప్రశ్నలు, కొక్కెం వేసి పెట్టెని లాగేవాళ్ళు. పడవలు కట్టే పెద్దాయన ఒకడు వంగి, వేళ్ళ కణుపులతో కర్రమీద కొట్టి చూశాడు. అడుగంతా తడిమాడు. ఆయన ముఖం మారిపోయింది.

"సావో కర్ర. ఏం కర్ర! ఏం కూర్పు! నదిలో ఇంత దూరం వచ్చిందా, బయటి నీళ్ళు ఒక్క చుక్క దిగలేదు. ఎవరిదమ్మా ఈ పెట్టె?"

"నాదే," అంది లువా.

"ఇంత మంచి పెట్టెలో పోయిన మనిషిని నేను పుట్టాక చూడలేదు."

లువా ఆయన వైపు వంగి అంది, "మళ్ళీ అనండి, అన్నగారూ."

ఆయన మళ్ళీ అన్నాడు.

"కాస్త గట్టిగా. ఆ చివరి పడవలవాళ్ళకి వినబడలేదు."

ఆయన నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. చివరి పడవలోంచి ఎవరో "ఆహా, ఏం పెట్టె!" అన్నారు. సంతంతా అందుకుంది. లువా చుట్టూ చూసింది. జీవితమంతా దాచుకుని కొనుక్కున్న మాట అది. అసలు రోజున అందరూ వింటారు, తను తప్ప. అది అప్పుడు తట్టింది ఆవిడకి. కళ్ళు తుడుచుకోబోయి, పట్టు పాడవుతుందని చేత్తో తుడుచుకుంది, మళ్ళీ ఏమనుకుందో పట్టుతోనే తుడుచుకుంది.

ఒక షావుకారు మంచి ధర ఇస్తానన్నాడు, వాళ్ళ నాన్నకి కావాలట. "నేనమ్మను," అంది లువా. "దీంతో నాకింకా పనుంది." అని నూడుల్సావిడ వైపు తిరిగింది. "రెండు గిన్నెలమ్మా. రొయ్యలెయ్యి."

అడుగున పడుకున్న థామ్ దిగ్గున లేచి కూర్చుంది. సంత మళ్ళీ ఒకసారి కేక పెట్టింది.

"వదినా, డబ్బులు నువ్విస్తున్నావా?"

"నేనే. తిను, మాట్లాడకు." తర్వాత మెల్లిగా నూడుల్సావిడతో, "ఇద్దరం ఒకే బెంచీమీద తిన్నట్టు లెక్క కదా, ఏమైనా తగ్గిస్తావా?" అంది. అలవాటు ఒక్క పూటలో పోతుందేమిటి!

నీళ్ళు దిగాక ఆ పెట్టె మళ్ళీ పీఠం పక్కకి చేరలేదు. దానికి ముందూ వెనకా బల్లలు కొట్టించి, పైన చిన్న కప్పు వేయించి, గెడకి బాతుగుడ్ల బుట్ట వేలాడదీసి, రోజూ సంతకి వెళ్ళేది లువా, ఊదాపట్టు తొడుక్కుని, ఆడపడుచుని ఎదురుగా కూర్చోబెట్టుకుని. మంచి గుడ్డు ఉడకబెట్టుకుని దారిలో తినేది. "డబ్బు పెట్టి చేయించింది వట్టినే ఉంచుకుంటే దండగ కదే," అనేది. చాలా ఏళ్ళు తిరిగింది. పట్టు మోచేతుల దగ్గర వెలిసిపోయింది, పెట్టె అడుగు అరిగిపోయింది.

ఆవిడ పోయిననాటికి ఆ అడుగు పూర్తిగా పుచ్చిపోయింది. చేతిలో డబ్బు లేదు, రొయ్యలకీ కాఫీలకీ అయిపోయింది. వడ్రంగి దొరికిన చెక్కతో కొత్త అడుగు వేశాడు. ఏ చెక్క అనుకున్నారు? బూరుగుచెక్క. గట్టు దిగేటప్పుడు థామ్ కింద చెయ్యి ఆనించి నడిచింది, ఊడలేదు. రెండు గట్లా జనం, నదినిండా పడవలు. జనం నవ్వారు. అవును, ఆ రోజూ నవ్వారు. అనాసవాడు తను పండు విసిరిన సంగతి చెబుతుంటే నవ్వక ఏం చేస్తారు! థామ్ అప్పు చేసి బిస్కెట్లు తెచ్చి అందరికీ పంచింది. ఏడుపు మాత్రం బాకీ పెట్టలేదు, అక్కడికక్కడే తీర్చేసింది.

ఇదర్రా సంగతి. దీన్ని మనసులో పెట్టుకుని మీ పిల్లలకీ చెప్పండి. ఎలా చెప్పినా సరేగాని, లువా అనాసపండు అందుకున్న చోటికి వచ్చినప్పుడు బొటనవేలు ఇలా పెట్టి నొక్కి చూపించండి. అది వదిలేస్తే ఆవిడ ఊరుకోదు.