వేలెడంత ముల్లంగి

తైవాన్ పడమటి తీరాన ఆ ఊరి సముద్రపు తూము గేటు చెడిపోయి నాలుగేళ్ళయింది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు తగుదునమ్మా అంటూ చేలల్లోకి దూరుతున్నాయి. బీ-చూ మడిలో ఈసారి ముల్లంగి వేలెడంత దగ్గరే ఆగిపోయింది. గేటు బాగుపడకపోతే వచ్చే ఏడు విత్తనం వెయ్యడమే దండగని ఆమె మొగుడు తేల్చేశాడు. ముప్ఫై ఏళ్ళు దున్నిన చేను వదులుకోవాలంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

అధ్యక్ష ఎన్నికల ప్రచారం మాత్రం జోరుమీదుంది. ఒక అభ్యర్థి లియావ్ లారీ వచ్చి, ఎదుటి అభ్యర్థి చువాంగ్ పెళ్ళాం చేతిసంచి ఖరీదు లక్షలని ఊదరగొట్టేది. చువాంగ్ లారీ వచ్చి లియావ్ చదువు పట్టా దొంగదని అరిచేది. రెండూ పచ్చి అబద్ధాలే. గేటు ఊసెత్తిన నాథుడు లేడు.

లియావ్ వచ్చే రోజు పొద్దున్నే, అతని పార్టీ మనిషి క-హోంగ్, బీ-చూ గుమ్మంలో ఊడిపడ్డాడు. చంకలో చంటిపిల్లంత ముల్లంగి, దానికి ఎర్ర రిబ్బను. అక్కడ ముల్లంగిని చాయ్-థావ్ అంటారు, శుభశకునాన్నీ అలాగే అంటారు. అందుకే ప్రతి అభ్యర్థి చేతిలోనూ ఒకటి పెట్టి దీవిస్తారు.

“పిన్నీ, నీ చేలో పండిందని చెప్పి ఆయన చేతికియ్యి. ఇంకేం మాట్లాడకు.”

“ఎక్కడిదిరా ఇది?”

“పట్నం బజారుది. మీ మడిలోవి కెమెరాకి ఆనవు కదా.”

“గేటు సంగతి ఒక్క ముక్క అడుగుతాను.”

“శుభమా అని ఆయనొస్తుంటే గేటేంటి పిన్నీ? టీవీ వాళ్ళకి చేతిసంచి కావాలి గానీ.”

బీ-చూకి ఒళ్ళు మండింది. పైకి మాత్రం సరేనంది.

సభలో జనం “తోంగ్-సువాన్, తోంగ్-సువాన్” అని గెలుపు కేకలు వేస్తున్నారు. ఆమె పెద్ద ముల్లంగిని మెట్ల దగ్గరే వదిలి, రిబ్బను మాత్రం విప్పుకుని వేదికెక్కింది.

లియావ్ కెమెరాల వైపే చూస్తూ చేతులు చాచాడు. “చూడండి, ఈ నేల చలవ, ఎంత ముల్లంగో,” అన్నాడు మైకులో. ఆ తర్వాత చేతిలోకి చూసుకున్నాడు. ఎర్ర రిబ్బను కట్టిన వేలెడంత ముల్లంగి.

“అంతే బాబూ మా చాయ్-థావ్,” అంది బీ-చూ. “పెద్దది మీవాళ్ళు పట్నంలో కొన్నది, అదిగో మెట్ల దగ్గరుంది. నా చేలోది ఇది. మీ చేతిసంచులూ పట్టాలూ కట్టిపెట్టి, గేటు ఎప్పుడు వేయిస్తారో చెప్పండి.”

జనం గొల్లుమన్నారు. వెనక నుంచి ఎవరో “తూము-గేటు” అన్నారు. అదే వరసలో సభంతా అందుకుంది. లియావ్ ముఖం కందగడ్డయింది. ప్రసంగం కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మైకు పక్కకు తోసి, “ఎక్కడుందమ్మా ఆ గేటు?” అని అడిగాడు. కెమెరాలన్నీ గేటున్న సముద్రపు గట్టు మీదికి నడిచాయి.

మర్నాడు చువాంగ్ లారీ కూడా పట్టా పాట మాని గేటు పాట అందుకుంది.

“వీళ్ళని నమ్ముతున్నావా?” అన్నాడు మొగుడు.

“వీళ్ళనెవరు నమ్మారు? ఊరు నోరు తెరిచింది కదా, దాన్ని నమ్ముతున్నాను.”

మూడో రోజు ఇంజనీర్లు టేపులు పట్టుకుని గట్టు దిగారు. ఆ సాయంత్రం బీ-చూ పట్నం ముల్లంగి తరిగి పులుసు పెట్టింది. క-హోంగ్ తలొంచుకుని వచ్చి రెండు గిన్నెలు తాగాడు. అతను వెళ్ళాక ఆమె అటక మీది విత్తనాల డబ్బా దించింది. మొగుడు మూత తీసి, దీపం దగ్గరగా జరిగి, పుచ్చు గింజలు ఏరడం మొదలుపెట్టాడు.