దొరగారి రంగు

కుక్కలకీ పిల్లులకీ వచ్చే అంటురోగాల మీద పరిశోధన చేస్తానంటే జనం ఏదో ఊహించుకుంటారు. తెల్లకోటు, మైక్రోస్కోపు, పక్కన బుద్ధిగా కూర్చున్న కుక్కపిల్ల. నిజానికి పద్నాలుగేళ్ళుగా నేను చేస్తున్నది పెంట ఏరడం. పొద్దున కుక్కలది, మధ్యాహ్నం పిల్లులది, సాయంత్రం ఆ రెండింటి గురించి రాతకోతలు. ఇంటికొచ్చి తలారా స్నానం చేస్తే గానీ మా ఆయన పక్కన కూర్చోనివ్వడు. ఆయన్ని అనుకుని లాభం లేదు, ఆ వేళకి నాకే నేను గిట్టను.

ఆ ఏడాది మా ల్యాబ్ పట్టుకున్నది పిల్లుల పేగుల్లో ఉండే ఒక వైరస్. మామూలుగా అది పెద్ద హాని చెయ్యదు. రెండు రోజులు విరేచనాలు పెట్టి ఊరుకుంటుంది. కానీ నూటికి ఏ నాలుగైదు కూనల్లోనో లోపలే రూపం మార్చుకుంటుంది. అప్పుడు కూన కడుపులో నీరు చేరుతుంది, వీపు ఎముకలు తేలుతాయి, చాలావరకు చచ్చిపోతుంది. కొన్ని పెద్ద పిల్లులు మాత్రం తాము నిక్షేపంగా ఉంటూ ఆ వైరస్‌ని నెలల తరబడి, ఏళ్ళ తరబడి పెంటలో వదులుతూనే ఉంటాయి. అలాంటిదాన్ని కనిపెట్టి, ఇంట్లో కూనలకి ఐదు వారాలు నిండేలోగా వేరు చేస్తే కూనలు బతికి బట్టకడతాయా అన్నది మా ప్రశ్న.

దానికి నాలుగైదు పిల్లులున్న ఇళ్ళు పన్నెండు కావాలి. పదకొండు దొరికేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. "మీ అత్తగారికి నాలుగున్నాయన్నావుగా?" అన్నాడు మా పెద్దాయన, అంటే ల్యాబ్ అధిపతి. సొంత ఇంటిని పరీక్షల్లోకి లాగకూడదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పన్నెండో ఇల్లు వెతికే ఓపిక ఇద్దరికీ లేదు. మేం కింద వాటాలో, అత్తయ్య పై వాటాలో. మెట్లెక్కితే చాలు కదా అనుకున్నాను.

ఇక్కడ రంగుల సంగతి చెప్పాలి. నాలుగు పిల్లులు, రెండే ఇసుక పళ్ళేలు. పెంట చూసి ఇది ఫలానావారిదని చెప్పే విద్య నాకింకా పట్టుబడలేదు. అందుకని పిల్లలు బొమ్మలకి వేసే క్రేయాన్లు, కడుపులోకి పోయినా ఏమీ కానివి, తురిమి ఒక్కో పిల్లి తిండిలో ఒక్కో రంగు కలుపుతాం. మైనం అరగదు. మర్నాడు ఇసుకలో ఎర్ర చుక్కలున్నది ఒకరిది, నీలం చుక్కలున్నది ఇంకొకరిది. తురిమి కలిపేది అత్తయ్య, ఏరేది నేను. ఎరుపు గయ్యాళికి, ఆకుపచ్చ కుంభకర్ణుడికి, పసుపు తల్లిపిల్లికి, నీలం దొరగారికి.

దొరగారిని తొమ్మిదేళ్ళ కిందట మామయ్య వానకోటు జేబులో వేసుకుని తెచ్చారు. మామయ్య పోయి రెండేళ్ళయింది. ఆయన కుర్చీలో ఇంకెవరు కూర్చోబోయినా అత్తయ్య ఏదో పని చెప్పి లేపేస్తుంది. దొరగారు మాత్రం పొద్దస్తమానం అందులోనే పడుకుంటారు, వారిని ఎవరూ లేపరు.

మొదటి ఆరు వారాల ఫలితాలు వచ్చిన రోజు నేను పదకొండు ఇళ్ళు తిరిగి వచ్చాను. అన్నం ముందు కూర్చుంటే చెయ్యి లేవడం లేదు. అత్తయ్యే వడ్డిస్తోంది.

"ఏమిటో అంత నీరసం? నా పిల్లులేమన్నా ఫెయిలయ్యాయా?" అంది.

"మూడు బానే ఉన్నాయత్తయ్యా, ఓ వారం వస్తోంది, ఓ వారం పోతోంది. ఒక్కటే ప్రతివారం వదులుతోంది. పద్నాలుగో వారం దాకా ఇలాగే ఉంటే దాన్ని వేరే ఇంటికి పంపాలి."

"ఏ రంగు?"

ఇంటివాళ్ళకి మధ్యలో ఫలితం చెప్పకూడదు. అది మా పనిలో మొదటి పాఠం. కొత్తగా చేరినవాళ్ళకి నేనే ఆ పాఠం చెబుతాను. కానీ ఆకలి, అలసట, ఎదురుగా వేడి అన్నం.

"నీలం," అన్నాను.

అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టి, "ఇంకాస్త వేసుకో," అంది. అంతే.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు జారినట్టు కూడా తెలియలేదు.

ఏడో వారం నుంచి నీలం శుభ్రంగా వచ్చింది. ఎరుపు మొదలైంది. ఎనిమిది, తొమ్మిది, పది, వారం తప్పకుండా ఎరుపే. నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను. వైరస్ వదిలించుకునే పిల్లులూ ఉంటాయి, దొరగారూ వదిలించుకున్నారు, మామయ్య పిల్లి ఇల్లు కదలక్కర్లేదు. వేరే ఇంట్లో ఇలా రాత్రికి రాత్రే రంగులు తారుమారైతే ఇంటివాళ్ళని కూర్చోబెట్టి గంటసేపు అడిగి ఉండేదాన్ని. ఇక్కడ అడగలేదు. నాకు కావలసిన జవాబు వచ్చింది, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగేశాను.

ఆ తొమ్మిదో వారంలోనే తల్లిపిల్లి మూడు కూనల్ని పెట్టింది. ఒకటి నల్లది, ఒకటి చారలది, ఒకటి బొత్తిగా గుప్పెడంత, బుడ్డది. పద్నాలుగో వారానికి వాటికి ఐదు వారాలు. లెక్క ప్రకారం గయ్యాళిని బుట్టలో పెట్టి, పిల్లులు లేని మా ల్యాబ్ టైపిస్టు ఇంటికి పంపేశాం. వెళ్తూ నా చెయ్యి రక్కి మరీ వెళ్ళింది. పాపం, దాని కోపంలో న్యాయముంది. కూనలు దొరగారి పొట్ట మీద ఎక్కి నిద్రపోయేవి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

ఆ వారమే ల్యాబ్‌లో వైరస్ పరీక్ష చేసే యంత్రం చెడిపోయింది. బాగుచేసేవాళ్ళు ఇదిగో అదిగో అంటూ రెండు నెలలు తిప్పారు. పన్నెండు ఇళ్ళ పెంట డబ్బాలూ ఫ్రీజర్‌లో పేరుకుపోయాయి. అవి అలా ఉండగానే పైన నల్లది తిండి మానేసింది. కడుపు చూసి నాకు తెలిసిపోయింది. పన్నెండో రోజున పోయింది. మూడు వారాలకి చారలది. ఈ జబ్బుకి ఇప్పుడు మందుంది, ఎనభై నాలుగు రోజులు వెయ్యాలి. దానికి నాలుగో రోజు కూడా పూర్తి కాలేదు. మంగళవారం పొద్దున అత్తయ్య కొంగులోనే ప్రాణం వదిలింది.

అత్తయ్య ఏడవలేదు. కొంగు ఉతికి ఆరేసుకుంది. నేను స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

బుధవారం యంత్రం బాగయింది. నిలవున్నవన్నీ రెండు రోజులు ఏకబిగిన ఆడించాను. టైపిస్టు తెచ్చిచ్చిన గయ్యాళి డబ్బాలు ఎనిమిది. ఎనిమిదింట్లోనూ ఏమీ లేదు. అదే వారాల్లో మా ఇంటి నీలం, గయ్యాళి ఇల్లు కదిలిన వారం నుంచి, వరసగా నిండా వైరస్. ఒక పిల్లి మానేసిన వారమే ఇంకో పిల్లి మొదలుపెట్టడం నేను ఎక్కడా చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, రెండు నెలలు ఆలస్యంగా.

సాయంత్రం కాగితం తీసుకుని పైకి వెళ్ళాను. అత్తయ్య కింద కూర్చుని బుడ్డదాన్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుంది. నేను నేర్పినట్టే మూడు వేళ్ళతో పొట్ట నొక్కి చూస్తోంది.

"నీరేం తగలట్లేదు కదూ?" అంది.

నేనూ నొక్కి చూశాను. మెత్తగా, మామూలుగా ఉంది. "లేదు," అన్నాను.

కాగితం తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కర్లేదమ్మా. నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి మార్చారు?"

"నువ్వు నీలం అన్నావే, ఆ మర్నాటి నుంచే. దొరకి ఎరుపు కలిపా, గయ్యాళిదానికి నీలం. అది వెళ్ళిపోయాక ఇంకెందుకని మళ్ళీ మామూలుగా కలిపా."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకేవిటి? దాన్ని తీసుకుపోతావనే. మీ మామయ్య కుర్చీ చప్పుడు చేస్తే ఇప్పటికీ తలెత్తి చూస్తా నేను. చూస్తే ఎవరో ఒకరు ఉండాలి కదా అందులో." బుడ్డదాన్ని బోర్లా తిప్పింది. "గయ్యాళిది పోతే పోయిందిలే అనుకున్నా. దానికీ నేనే అన్నం పెట్టా ఏడేళ్ళు. ఎంత పాపిష్టిదాన్నో చూడు."

నాకు కోపం రావాలి. దారిపొడుగునా దాన్ని కూడగట్టుకునే వచ్చాను. తీరా చూస్తే కోప్పడ్డానికి కూడా ఓపిక మిగల్లేదు.

"ఒక్కటి చెప్పు," అంది. "ఆ రెండూ నా వల్లే పోయాయా?"

ఇలాంటి ప్రశ్నకి నా దగ్గరో వాక్యం ఉంది. వైరస్ అన్నింటిలోనూ రూపం మార్చుకోదు, ఫలానా కూనకి ఫలానా పిల్లి నుంచే వచ్చిందని కచ్చితంగా చెప్పలేం. అబద్ధం కాదు. ఎన్నో ఇళ్ళలో చెప్పాను, వాళ్ళు నా చేతులు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. అత్తయ్యకీ అదే చెప్పాను.

"అది మీ పెద్దాయనకి రాసుకో. నాకు నువ్వేమనుకుంటున్నావో చెప్పు."

బుడ్డది నా వేలు కొరుకుతోంది. నేను వేలు తియ్యలేదు.

"అవునత్తయ్యా," అన్నాను. "దొరగారు వేరే ఉండుంటే బహుశా బతికేవి."

అత్తయ్య లేచి గుమ్మం పక్కనున్న బుట్ట చూపించింది. లోపల దొరగారు, కింద మామయ్య పాత స్వెట్టరు. మధ్యాహ్నమే సర్దేసిందట. "తీసుకుపో. ఇదన్నా మిగలనీ," అంది బుడ్డదాన్ని గుండెకి అదుముకుని.

ఇక మిగిలింది ఫారం. పరీక్షలో పొరపాటు జరిగితే ఏం జరిగింది, ఎలా జరిగింది, ఎవరివల్ల అని రాసివ్వాలి. అక్కడే నేల మీద కూర్చుని మొదలుపెట్టాను. అత్తయ్య కళ్ళజోడు తెచ్చుకుని నా భుజం మీంచి చదివింది.

"ఇదేవిటి, నీ పేరు రాశావ్?"

"ఫలితం బయటపెట్టింది నేనేగా. రంగు మారితే అడగనిదీ నేనే."

"నువ్వు అలిసిపోయి ఓ మాటన్నావు. నేను పట్టపగలు క్రేయాను చేత్తో పట్టుకుని తురిమాను. కొట్టెయ్ నీ పేరు."

"కుదరదత్తయ్యా. మీకు తెలియకుండా చూడాల్సిన బాధ్యత నాది."

"తెలిస్తే దొంగతనం చెయ్యమని చెప్పావా నువ్వు? నా ఇల్లు, నా పిల్లులు, నా చెయ్యి. పెత్తనం నీదేవిటి మధ్యలో?"

"పెత్తనం కాదు, తప్పు. తప్పు నాదంటున్నాను!"

"కాదంటున్నాను!"

ఇద్దరి గొంతులూ లేచాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు. మా ఆయన ఆఫీసు సంచీతోనే పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పదకొండేళ్ళుగా మా ఇద్దరి పంచాయితీలు తీర్చీ తీర్చీ ఆయన మొహం అప్పటికే వాడిపోయింది.

"మళ్ళీ మొదలెట్టారా?" అన్నాడు. "సరే, ఈసారి తప్పెవరిది?"

"నాది," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన సంచీ కింద పెట్టాడు. నన్ను చూశాడు, వాళ్ళమ్మని చూశాడు. అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వంగి దొరగారి బుట్ట ఎత్తి, నా వైపు రాబోయి ఆగి, కొడుకు చేతిలో పెట్టింది.

"నువ్వు మొయ్యరా," అంది. "అమ్మాయి చాలా అలిసిపోయింది."