బొట్టుబిళ్ళ మూత

నేను ఒక అల్యూమినియం గొట్టాన్ని. జానెడు పొడవుంటాను. నమూనా రాకెట్టు అడుగున దూరి, దాన్ని పైకి తోసే మోటారును. ఒకసారి కాల్చి పారేసే అట్ట మోటార్లు వేరు. నన్ను విప్పి, కడిగి, కొత్త ఇంధనం నింపి మళ్ళీ ఎగరేయవచ్చు. అందుకే నాకు కొంత గర్వం ఉండేది.

బాలానగర్‌లో ఒక లేతు మిషను మీద పుట్టాను. నన్ను తొలిచిన మనిషి నేను దేనికో అడగలేదు. ఏదో నీటి పంపు భాగమనుకుని, నూనె తుడిచి, పాత పేపరులో చుట్టి పంపేశాడు.

నన్ను చేయించుకున్నది సుభాషిణి. గుంతకల్లు దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్. ఆమె భర్త చెన్నకేశవులు హైస్కూల్లో తెలుగు మాస్టారు. రాకెట్ల గురించి ఆయనకు తెలిసింది ఒక్కటే, వాటిని నిలబెట్టే ఇనుప స్టాండు బరువుగా ఉంటుందని. దాన్ని మోసేది ఎప్పుడూ ఆయనే.

నా పని చెబుతాను. నాలోని ఇంధనం మండగానే రాకెట్టు లేస్తుంది. మంట ఆగిపోయాక కూడా ఆ ఊపుతోనే కొంతసేపు పైకి పోతుంది. ఆ సమయంలో నా లోపల ఒక చిన్న ముక్క మెల్లగా కాలుతూ ఉంటుంది. అది కాలడం పూర్తికాగానే, నా తలమీది గుంటలో పోసిన చిటికెడు మందుపొడి అంటుకుని పేలుతుంది. ఆ పేలుడే పారాచూట్‌ను బయటికి నెడుతుంది. పొడి లేకపోతే పారాచూట్ విచ్చుకోదు. రాకెట్టు ఎంత ఎత్తుకు పోయినా ముక్కు కిందికి పెట్టి వచ్చి నేలలో దిగబడుతుంది.

అందుకని గుంటకు మూత వేస్తారు. మంట ఉన్నంతసేపూ భయం లేదు. ఆ వేగానికి పొడి గుంటలోనే అణిగి కూర్చుంటుంది. మంట ఆగాక రాకెట్టు నెమ్మదిస్తుంది, పొడి మాత్రం ముందుకే పోవాలని చూస్తుంది. మూత వదులైతే అప్పుడే ఒలికిపోతుంది. మూత అవసరం చప్పుడు లేని ఆ కాస్త సేపటికే.

మొదటిసారి నన్ను ఎగరేసింది కోత అయిపోయిన వేరుశెనగ చేలో. సామానుతో వచ్చిన గుండ్రటి కాగితం స్టిక్కర్లు ఆ దుమ్ములో అంటుకోలేదు. సుభాషిణి విసుక్కుని, తన నుదుటి మీది మెరూన్ బొట్టుబిళ్ళ తీసి గుంట మీద పెట్టింది. బొటనవేలితో అంచులు అదిమి, నన్ను తలకిందులు చేసి అరచేతిలో తట్టి చూసింది. పొడి ఒక్క పలుకు కూడా రాలలేదు.

అప్పటినుంచి అదే పద్ధతి అయింది. చేలోంచి ఆమె బోసి నుదుటితో ఇంటికి వచ్చేది. ఆమె అత్త ఓబులమ్మకు అది చూస్తే ఒళ్ళు మండేది.

“కట్టుకున్నోడు గుండ్రాయి మాదిరి కూర్చోనుంటే, బొట్టు తీసి మందుగుండుకు అంటిస్తావా? వాని ఆయుష్షు కాల్చేదానికా?”

“ఆయన ఆయుష్షు గట్టిదిలే అత్తా. నీ చేతి సంగటి తిని పెరిగిన మనిషి.”

“అట్ట మీద కొత్త బిళ్ళలు ఉండాయి కదమ్మే! ఆ మొగానిదే పీకల్లనా?”

“పొద్దున్నుంచీ చెమటకు ఊడనిదైతేనే అక్కడ నిలబడుతుంది. కొత్తదాన్ని ఎట్లా నమ్మేది?”

చెన్నకేశవులు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు. ఎగరేసిన ప్రతిసారీ ఈ గొడవ జరిగేది. ఓబులమ్మ కొడుకు కోసం భయపడేది. ఆమె భయం ఇంటిని సరిగ్గానే గుర్తుపట్టింది, మనిషినే పొరబడింది.

వానాకాలంలో సుభాషిణి జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. నేను అలమరలో ఉన్నాను. అలమర తలుపు చాలాకాలం ఎవరూ తెరవలేదు.

ఆమె కట్టిన ఎర్ర రాకెట్టు ఒకటి గది మూల నిలబడి ఉండేది. రంగు కూడా వేసింది. ఎగరేయలేదు. చలికాలం వచ్చాక, ఆమెతో పనిచేసిన షంషాద్ మేడం ఇంటికి వచ్చింది.

“సార్, మేడం రాకెట్ ఒక్కసారి ఎగరేద్దామా? మీరు వద్దంటే వద్దు.”

చెన్నకేశవులు రాకెట్టు మీది దుమ్మును చేత్తో తుడిచాడు. “పగలకుండా తిరిగొస్తుందా? ఆమె చేతిది ఇంకొకటి లేదు.”

“మూత బాగుంటే వస్తాది సార్.”

ఎగరేసే రోజు పొద్దున ఆయన స్నానాల గది అద్దం ముందు నిలబడ్డాడు. అద్దం మూల ఒక మెరూన్ బొట్టుబిళ్ళ ఉంది. ఆసుపత్రికి పోయే ముందు ఆమె మొహం కడుక్కుంటూ అంటించినది. దాన్ని గోటితో మెల్లగా లేపి, కళ్ళద్దాల పెట్టెలో పెట్టుకున్నాడు. ఓబులమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. చేనికి తనూ వస్తానంది. ఎప్పుడూ రాని మనిషి.

చేలో షంషాద్ నన్ను నింపి, గుంటలో పొడి పోసింది. చెన్నకేశవులు బిళ్ళను తనే పెట్టి అదిమాడు. ఆమె నన్ను తలకిందులు చేసింది. నల్లటి పొడి ఆమె అరచేతిలోకి జారింది.

“జిగురు పోయింది సార్.”

మళ్ళీ పోశారు. ఆయన ఇంకా గట్టిగా అదిమాడు. మళ్ళీ జారింది.

“దీని మీద టేపు వేస్తాను సార్.”

“వద్దు.”

“ఇట్లనే పంపితే కూలిపోతాది. మేడం ఉంటే ఒప్పుకోదు సార్.”

“తెలుసు,” అన్నాడు ఆయన. వేలు మాత్రం తీయలేదు.

అప్పటిదాకా జీపులోనే కూర్చున్న ఓబులమ్మ దిగి వచ్చింది. నడుముకు దోపుకున్న వక్కాకు సంచి విప్పి, ఒక అట్ట బయటికి తీసింది. బొట్టుబిళ్ళల అట్ట.

“ఇదేంది అవ్వా?” అంది షంషాద్.

“అంగట్లో వాడు నా మొగం చూసి, ఎవరికవ్వా అన్నాడు. నా కోడలికిరా అంటి.”

“అమ్మా, ఇది ఆమె పెట్టుకున్నది...” అన్నాడు చెన్నకేశవులు.

“నాకు తెలీదా? దానికి జిగురు యాడుంది రా కేశవా? వేలు పెట్టి ఎంతసేపు పట్టుకుంటావు? దాంతోపాటు నువ్వూ పైకి పోతావా?”

ఆయన వేలు తీశాడు. పాత బిళ్ళ మళ్ళీ కళ్ళద్దాల పెట్టెలోకి వెళ్ళింది.

షంషాద్ అట్ట కోసం చెయ్యి చాపింది. ఓబులమ్మ ఇవ్వలేదు.

“కొత్తదాన్ని నమ్మేదానికి లేదంటుండె కదా అది. నుదుటి మీద ఉండల్ల.”

షంషాద్ బొట్టు పెట్టుకోదు. ఓబులమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె ఒక బిళ్ళ తీసి, తన నుదుటి మీద పెట్టుకుని, ఎండలో నిలబడింది. చెమట పట్టేదాకా నిలబడింది. తర్వాత బిళ్ళ తీసి, పొడి నిండిన గుంట మీద పెట్టి, కోడలు చేసినట్టే బొటనవేలితో చుట్టూ అదిమింది. ఆ పద్ధతి ఆమెకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. షంషాద్ నన్ను తలకిందులు చేసి తట్టింది. ఏమీ రాలలేదు.

నన్ను ఎర్ర రాకెట్టులో బిగించి నిలబెట్టారు. అందరూ దూరంగా జరిగాక మీట నొక్కారు. లేచాను. మంట ఉన్నంతసేపూ పొడి అణిగే ఉంది. మంట ఆగింది. చప్పుడు పోయింది. పొడి పైకి తోసుకొచ్చింది. మూత కదలలేదు. లోపలి ముక్క కాలడం అయిపోయింది. ఠప్‌మంది.

పారాచూట్ విచ్చుకుంది. చేలోకి దిగుతుంటే కింది మాటలు వినిపించాయి.

“నాకు కండ్లు ఆనవు. వచ్చిందా?”

“వచ్చింది అవ్వా. చిన్న గీత కూడా పడలేదు.”

ఓబులమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది. అక్కడ అప్పటికి ఏమీ లేదు. చెన్నకేశవులు రాకెట్టును రెండు చేతులతో ఎత్తుకుని జీపు దాకా మోశాడు. స్టాండు ఆ రోజు ఇంకెవరో మోశారు.

“మోటారును సాయంత్రమే కడగండి సార్. ఆలస్యమైతే మసి గట్టిపడి అడుగున ఉండే మర మూత బిగుసుకుపోతాది. మళ్ళీ నింపలేం,” అని షంషాద్ చెప్పింది. ఆయన తలూపాడు. కడగలేదు. మరచిపోయాడో, మరచిపోలేదో నేను చెప్పలేను.

ఇప్పుడు నా మర మూత విప్పడానికి రాదు. నన్ను ఇక ఎవరూ నింపలేరు. ఎర్ర రాకెట్టు దాని మూలకు అది చేరింది. నేను స్నానాల గదిలో, అద్దం కింది చెక్క మీద నిలబడి ఉన్నాను. నా తలమీది గుంటలో ఆ పాత బొట్టుబిళ్ళ ఉంది. ఆయనే పెట్టాడు. దానికి జిగురు లేదు. ఇక్కడ అవసరం లేదు. నేను కదలను.