లక్కముద్ర పడిన జంపఖానా

నేను ఒక జంపఖానాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఎరుపు మీద నీలం చారలు. పెళ్లి పందిళ్లలో పరిచే జంపఖానాల్లో నన్ను కలిపేయకండి. నేను నమూనాను. ప్రభుత్వ హాస్టళ్లలో పిల్లలు పడుకోవడానికి ఏటా వేల జంపఖానాలు కొంటారు. అవన్నీ ఎలా ఉండాలో చూపించడానికి లక్కముద్రలు వేసి, అంచుకు కుట్టిన తెల్లగుడ్డ మీద సభ్యులందరూ సంతకాలు చేసి, బీరువాలో దాచిన ఒకే ఒక్కదాన్ని నేను. పద్నాలుగేళ్లలో ఒక్క పిల్లవాడూ నా మీద పడుకోలేదు. పెద్ద పదవిలో ఉన్నవాళ్లకు పనేమీ ఉండదని అప్పుడే అర్థమైంది.

నన్ను నేసింది వరంగల్‌లో నేతగాళ్ల వాడకు చెందిన ఆడెపు కనకలక్ష్మి. భర్త పోయాక అతని మగ్గం మీద తానే కూర్చుంది. నమూనా అని చెప్పారు కాబట్టి ఒక్క రోజులో అయ్యే పనిని మూడు రోజులు నేసింది. పేక దారం వేసిన ప్రతిసారీ దువ్వెనలాంటి ఇనుప పంజాతో నా వీపు మీద ఎలా కొట్టిందో చెబితే మీకు జాలేస్తుంది. ఆ దెబ్బల వల్లే నేను ఇంత గట్టిగా ఉన్నాను. వాళ్ల సంఘంలో ముప్పై రెండు మగ్గాలుండేవి. ఏడాదిలో ఎనిమిది నెలలు అవి హాస్టళ్ల ఆర్డరు మీదే ఆడేవి. ఆర్డరు ఉంటే ముప్పై రెండు ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. లేకపోతే లేదు.

ఆ ఆర్డరు ఎవరికివ్వాలో చెప్పేది రాజధానిలోని కొనుగోలు సలహా మండలి. పదకొండు మంది సభ్యులు. పది మంది అధికారులు, చేనేతవాళ్ల తరఫున ఒకే ఒక్కడు కొడెం రాజలింగం. ఆయనదీ కనకలక్ష్మి ఉండే వాడే, వరసకు బావ అవుతాడు. మిగతా పది మందీ బట్టను రెండు వేళ్లతో నలిపి, తలాడించి, టీ కోసం తలుపు వైపు చూసేవాళ్లు. రాజలింగం మాత్రం చెప్పులు విడిచి, వచ్చిన సరుకులోంచి ఒకటి లాగి, సమావేశం గదిలో బండల మీద పరిచి, దాని మీద పక్కకు తిరిగి పడుకునేవాడు. చెంప ఆనించి పావుగంట కళ్లు మూసుకునేవాడు. అధికారులు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఆయన లేచి "పానం ఒప్పుకున్నది" అంటే సరుకు తీసుకోవాలి, "సలి పైకెక్కుతాంది" అంటే వద్దనాలి. నవ్విన అధికారులే ఆ మాటను మినిట్స్‌లో గంభీరమైన భాషలో రాసుకునేవాళ్లు.

ఒక ఏడు వానాకాలంలో సంఘానికి సర్కారు ఇచ్చిన నూలు నాసిరకం. గడువు దగ్గర పడింది. ఏం చేస్తారు, ఉన్నదానితోనే నేసి పంపారు. పోల్చి చూడడానికి నన్ను బీరువాలోంచి తీసి పక్కన పరిచారు. రాజలింగం లాగినది కనకలక్ష్మి నేసిన ముక్కే. దాని అంచు కూడా నాదిలాగే ఉంది, చేయి ఒకటే కదా. ఆయన పడుకున్నాడు. చాలాసేపు లేవలేదు. లేచి, ఎవరి వైపూ చూడకుండా "సలి పైకెక్కుతాంది" అన్నాడు.

సంఘం వాళ్లతో పాటు తలుపు దగ్గర నిలబడి ఉంది కనకలక్ష్మి.

"బావా, నూలు మేం వడికినమా? వాళ్లిచ్చిందే నేసినం" అంది.

"నాకెర్కే. గని దీని మీద పండేది పోరగాండ్లు గదనే. ముసురువట్టినంక బండల మీద ఎట్ల పంటరు?"

"నువ్వు మా దిక్కా, వాళ్ల దిక్కా?"

ఆయన అధికారుల వైపు తిరిగి, మంచి నూలు ఇప్పించి రెండు నెలలు గడువు పెంచమని చేతులు జోడించాడు. వాళ్లు పెంచారు. మళ్లీ నేశారు, ఆర్డరు నిలబడింది. కానీ కోపం చల్లారలేదు. సొంతవాడే పదిమందిలో పరువు తీశాడని వాడంతా రగిలిపోయింది. ఆయన ఇంటికి శుభలేఖలు రావడం ఆగిపోయింది. చివరకు ముప్పై రెండు మగ్గాల వాళ్లూ కలిసి సర్కారుకు అర్జీ పెట్టుకున్నారు, రాజలింగం మాకొద్దు, మార్చండి అని. మొదటి సంతకం కనకలక్ష్మిది. ఆయన స్థానంలో తమలోనే ఇంకొకరిని వేస్తారని వాళ్ల నమ్మకం. ఎవరిని వేయమంటారని సర్కారు అడుగుతుంది, అప్పుడు చెబుదాంలే అనుకుని పేరు కూడా రాయలేదు.

అన్నేళ్లు ఆ కార్యాలయంలో ఉన్నదాన్ని, సర్కారు అడగదని నాకు తెలుసు. బీరువాలో పడి ఉన్న గుడ్డను, ఎవరికి చెప్పను?

మామూలుగా ఆ కార్యాలయంలో అర్జీ ఒక టేబుల్ దాటడానికి ఒక కాలం గడిచిపోతుంది. ఇది మాత్రం పదకొండు రోజుల్లో ఉత్తర్వై తిరిగొచ్చింది. సెక్షన్ గుమాస్తా మొయినుద్దీన్ దాన్ని పైకి చదువుతుంటే విన్నాను. మండలి సభ్యత్వాన్ని సవరించారు. చేనేత ప్రతినిధి స్థానం రద్దు. దాని బదులు వస్త్ర వ్యాపార ప్రతినిధి. కారణం కింద, చేనేత కార్మికులే కోరుకున్నారని రాసి, వాళ్ల అర్జీనే జతచేశారు.

సభ్యుడి కార్డు తిరిగివ్వడానికి వచ్చిన రోజు రాజలింగం ఆ అర్జీ చూస్తానన్నాడు. మొయినుద్దీన్ ఫైలులోంచి తీసి చేతికిచ్చాడు. ఆయన ఒక్కో పేరూ వేలు పెట్టి చదివాడు.

"కనకలక్ష్మి దస్కతు మంచిగొచ్చింది సాబ్" అన్నాడు. "సంఘంల చేరినప్పుడు నేనే నేర్పిన. నెల రోజులు పట్టింది."

కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు ఏడవాలనిపించింది.

కొత్త సభ్యుడు చెడ్డవాడేమీ కాదు. అటెండరు పిల్లల చదువు గురించి కూడా అడిగాడు. మొదటి సమావేశానికే మిల్లు పరుపులు తెచ్చాడు. పల్చగా, రంగురంగులుగా ఉన్నాయి, ఒక్క వేలితో ఎత్తవచ్చు. ఎవరూ కింద పడుకోలేదు. టీ చల్లారకముందే ఒప్పుకోవడం అయిపోయింది. హాస్టళ్ల ఆర్డరు మిల్లుకు పోయింది, కొత్త నమూనాగా వాటిలో ఒకదానికి లక్కముద్రలు వేశారు. నా ముద్రలను స్క్రూడ్రైవర్‌తో పెకలించి, సంతకాల గుడ్డను కత్తెరతో కోసేశారు. పారేయడం ఎందుకని మొయినుద్దీన్ నన్ను నాలుగు మడతలు పెట్టి, కాళ్లు తుడుచుకోవడానికి సెక్షన్ గడప దగ్గర వేశాడు.

మరుసటి ఏడు దసరా వెళ్లిన వారానికి కనకలక్ష్మి వచ్చింది. చెప్పులు బయట విడిచి, నా పక్కనుంచే లోపలికి వెళ్లింది. చేతిలో కొత్త అర్జీ.

"రాజలింగం బావనే మళ్ల ఇయ్యిండ్రి సారూ. తప్పయిపోయింది మాది."

మొయినుద్దీన్ అర్జీ మొత్తం చదివాడు. "అమ్మా, తీసెయ్యమనే అర్జీకి అక్కర్లేదు గని, ఇయ్యమనే అర్జీ మండలిలకు పోవాల్నంటే చేనేత సభ్యుని సంతకం ఉండాలె. రూలట్లున్నది."

"ఆ సభ్యున్నే గదా ఇయ్యమంటున్నం."

"అదేనమ్మా. ఇప్పుడు ఆ సభ్యుడు లేడు."

ఆమె అర్జీ వెనక్కి తీసుకుని మడత పెట్టింది. మొయినుద్దీన్ లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మంచి మనిషి. మంచితనం చేయగలిగింది అక్కడికే.

"ఎన్ని మగ్గాలు ఆడుతున్నయమ్మా?"

"ఆరు. కడమ ఇరవయ్యారు కట్టెల కింద అమ్ముకున్నరు. నాది రేపు ఊడదీస్తరు."

తిరిగి వస్తూ గడప దగ్గర ఆగింది. వంగి, నా అంచును బొటనవేలితో తడిమింది.

"ఇది నా చేతిదే సారూ."

మొయినుద్దీన్ తల దించుకున్నాడు. "పారేసుడెందుకని అమ్మా..."

"తుడువుండ్రి, ఏం గాదు. ఇంక పదేండ్లు సినగది" అంది.

నా మీద కాలు పెట్టకుండా దాటి, చెప్పులేసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె చెప్పిన లెక్క తప్పదు, నేత అలాంటిది. ఆమె మగ్గం రేపు పొయ్యిలోకి పోతుంది, నేను మాత్రం పదేళ్లు ఈ గడపలోనే ఉంటాను.