వాకిలి పుస్తకం

నా భార్య పోయి రెండేళ్ళ ఏడు నెలలు. ఆమె పేరు ఒక నివేదికలో మచ్చగా మిగిలింది. ఆ మచ్చ పెట్టినవాడితో నేను మూడేళ్ళుగా మాట్లాడలేదు.

నీళ్ళ సరఫరా ఆఫీసులో కంప్యూటర్లుండే గదిని చల్లగా ఉంచడం నా పని. ఏ కాలమైనా అక్కడ పద్దెనిమిది డిగ్రీలు దాటకూడదు. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. పని ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో నేర్చుకున్నాను. నా భార్య ఆ చల్లగదిలో ఇంజినీరు. చలి ఎక్కువైందని పెళ్ళికి ముందు రోజూ నా మీద ఫిర్యాదు చేసేది. పెళ్ళయ్యాక ఇంట్లో కూడా చేసింది.

ఆ గదిలో ఒక పెద్ద యంత్రం ఉంది. దాని లోపల ఇంకా పదకొండు యంత్రాలున్నాయి. విప్పి చూస్తే ఒక్కటీ కనపడదు. వర్చువల్ మెషిన్లు అంటారు. ఆమె మాత్రం కలలు అనేది.

"పెద్దది పదకొండు కలలు కంటోంది. ప్రతి కలా తనే అసలు యంత్రం అనుకుంటుంది. ఇంట్లో నువ్వు అనుకోవడం లేదూ, అలాగే" అనేది.

ఆ కలల్లో ఒకటి ఊరి పంపులు నడిపేది. కలకు జబ్బు చేస్తే కారణం పట్టుకోవడం కష్టం. లోపల రాసుకున్నది కలతోపాటే పోతుంది. అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. లోపల జరిగేదంతా వరసగా, లెక్క ప్రకారమే జరుగుతుంది. ముందుగా తెలియనిది బయటినుంచి వచ్చేదొక్కటే. ఒక మీట నొక్కడం, ఒక కబురు, చివరికి గడియారంలో టైము. ఏది వచ్చింది, కల ఎన్నో అడుగులో ఉండగా వచ్చింది, ఈ రెండూ కల బయట రాసిపెడితే చాలు. తర్వాత కలను మొదటినుంచి నడిపిస్తూ అవే కబుర్లు అవే అడుగుల దగ్గర అందిస్తే, పొల్లుపోకుండా ఆ కలే మళ్ళీ వస్తుంది. పడ్డ చోటే మళ్ళీ పడుతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి చూడవచ్చు. దానికి ఆమె వాకిలి పుస్తకం అని పేరు పెట్టింది.

పెట్టిన తొమ్మిదో రోజున పంపుల కల పడిపోయింది. ఊరికి రెండు రోజులు నీళ్ళు లేవు. పెద్దసారు విచారణ చేశాడు. వాన ఉన్నా లేకున్నా చంకలో గొడుగుతో తిరుగుతాడు కనుక ఆయన్ని అందరూ గొడుగు అంటారు. పుస్తకం రాసే కొత్త పరికరం భారమే కారణమని రాశాడు. దొంగ అన్నవాణ్ణి సాక్ష్యం అడగరు. పుస్తకం తెరవలేదు, దాన్ని పనిలోంచి తీసేశారు. నా భార్య "కావచ్చు" అని రాసి సంతకం పెట్టింది. ఐదు నెలలకు జబ్బుతో పోయింది. జబ్బుకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నేను వినలేదు.

ఇప్పుడు ఆమె కుర్చీలో ఆమె చెల్లెలు కూర్చుంటోంది. నిన్న మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"బావా, సాయంత్రం ఐదింటికి ఈ పాత యంత్రాన్ని లారీలో పట్టుకుపోతారు. అక్క పుస్తకం దీన్లోనే ఉండిపోయింది. దీని మీద తప్ప ఇంక దేని మీదా నడవదు."

"నడిపితే ఏమవుతుంది?"

"ఎందుకు పడిందో తేలుతుంది. అక్క తప్పు కాకపోతే నివేదిక మారుతుంది. అక్క తప్పే అయితే అదీ తేలుతుంది. తట్టుకుంటావా?"

"నడుపు. తీసుకెళ్ళి గొడుగు మొహాన కొడదాం."

"ముందా టీ గ్లాసు అవతల పెట్టు. కీబోర్డు మీద ఒంపుతావు."

నడిపింది. గోడ గడియారంలో రెండుంపావు. తెరమీద మూడేళ్ళ కిందటి మంగళవారం, పదకొండు నలభై. అక్షరాలు ఒక్కొక్కటే పడటం మొదలుపెట్టాయి. ఎవరూ కొట్టడం లేదు. మూడు అక్షరాలు గబగబా, తర్వాత చిన్న ఆగుడు, ఒకటి చెరిపివేత. ఆ ఆగుడు నాకు తెలుసు. కింది పెదవి కొరుక్కునే ఆగుడు. గదిలో ఫ్యాన్ల హోరు పలచబడి ఎక్కడో దూరంగా వినబడింది. కిటికీ అద్దం మీద ఎండ ఆ మంగళవారపు ఎండలాగే అనిపించింది. బయటికి వెళితే ఆమె వరండాలో చేతులు రుద్దుకుంటూ ఉంటుందనిపించింది.

తెరమీద ఒక మాట పడింది. ఉన్నావా.

యంత్రం జవాబిచ్చింది. ఆ మాట నాకు తెలియదు అని.

"అక్క పరీక్ష అది. కల వింటోందో లేదో చూడటానికి" అంది మరదలు.

ఇంట్లో నేను అలిగి గది తలుపేసుకుంటే, తలుపవతల నిలబడి ఆమె అడిగే మాట అదే. నేను పలికేవాణ్ణి కాదు. ఇప్పుడు చెయ్యి చాచి కీబోర్డు మీద ఉన్నా అని కొట్టాను. తెరమీద ఏమీ పడలేదు.

"దానికి వినపడదు బావా. ఆ రోజు లోపలికి వచ్చినవే ఇవాళా వస్తాయి. కొత్త మాట ఒక్కటి చొరబడినా అది ఇక ఆ రోజు కాదు."

చెయ్యి తీసేశాను. మరదలు అక్కడక్కడ వేగం పెంచుతూ పోయింది. తెరమీద మూడు ఇరవై రెండుకి అంతా ఆగిపోయింది. మరదలు అక్కడినుంచి ఒక్కో అడుగే వెనక్కి నడిపింది.

"భారం కాదు. అక్క పరికరం దీన్ని ముట్టుకోనే లేదు" అంది.

"చెప్పానా."

"ఆగు. మూడు ఇరవైకి వాకిట్లోకి ఒక కబురు వచ్చింది. చల్లగదిలో వేడి డెబ్బై ఒకటి అని. నిప్పంటుకుందనుకుని కల పంపులన్నీ ఆపడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా వేడి మళ్ళీ పద్దెనిమిది అని ఇంకో కబురు. ఆపాలో నడపాలో తెలియక చిక్కుపడి కూలిపోయింది. అది సరే, డెబ్బై ఒకటేంటి బావా? ఆ గదిలో మనిషి ఉడికిపోడూ?"

నేను గ్లాసు వైపు చూశాను.

షాపులో మేస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటుంది. థర్మామీటరు బతికుందో లేదో చూడాలంటే దాని కొసను వేడి టీలో ముంచాలి. ముల్లు లేస్తే బతికున్నట్టు. తుడిచి పెట్టేయాలి. ప్రతి మంగళవారం మూడు ఇరవైకి, టీ రాగానే చేసేవాణ్ణి. కల పడిపోయిన ఆ వారం ఆమె చెప్పింది, ఇక అది కలకి కూడా కబురు చెబుతుంది, ముట్టుకోకు అని. అప్పుడు మాకు మాటలు సరిగా లేవు. ఊఁ అన్నాను. ఊఁ అనడం వినడం కాదు.

మరదలికి చెప్పాను. ఆమె తెరమీద ఇంకేదో తెరిచి చూసింది.

"ఈ పుస్తకం ఇదివరకే ఒకసారి నడిచింది. పడిన మర్నాడు పొద్దున్న. నడిపింది అక్కే."

"అంటే తెలుసు."

"తెలిసే 'కావచ్చు' అని రాసింది. నువ్వు కాంట్రాక్టు మనిషివి. అదే రోజు తీసేసేవాళ్ళు."

గొంతు తగ్గించింది. "ఇది నేను చూడలేదనుకో బావా. ఐదింటికి లారీ వస్తుంది. అక్క దాచిందే, పోతే పోనీ."

"రాయి."

"ఏమని రాయను?"

"టీ అని రాయి. ఎవరి టీయో కూడా రాయి."

గొడుగు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"మూడేళ్ళు నాకు నమస్కారం పెట్టలేదయ్యా నువ్వు."

"ఇప్పుడూ పెట్టను. మీరు పుస్తకం తెరవకుండా రాశారు."

"అదీ నిజమే" అన్నాడు. పాత నివేదిక తెప్పించి, ఆమె పేరున్న వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టాడు. కొత్త యంత్రంలో అన్ని కలలకూ వాకిలి పుస్తకం పెట్టాలని కింద రాశాడు. తర్వాత ఇంకో కాగితం తీసుకున్నాడు. అది నాది. రేపటినుంచి రానక్కరలేదని. న్యాయమే.

లారీ ఐదింటికే వచ్చింది. ఎక్కించడానికి ముగ్గురు పట్టారు.

నేను గొడుగుని క్షమించలేదు. నన్నూ క్షమించుకోను. ఆమెను అసలే క్షమించను. ఒక్క మాట అనవలసింది. పడిన మర్నాడు సాయంత్రం వంటగది గడపలో నిలబడి నాకు టీ అందించింది. రోజూ అలా చేసేది కాదు. గ్లాసు వెంటనే వదల్లేదు, ఒక క్షణం ఇద్దరి చేతుల్లోనూ ఉంది.

"కాలుతోంది, చూసుకో" అంది.

నేను ఊఁ అన్నాను.